22 సెకన్ల వీడియో, 3 పేజీల నివేదిక

తెలుగు న్యూస్ చానళ్ల, దినపత్రికల సంపాదకులకు, డెస్కుల్లో పనిచేసే మిత్రులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి 2023లో రిటైరయ్యాను. నాకు ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. మా ఇంట్లో వార్డు మెంబరుగా కూడా ఎవరూ పోటీ చేయలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పేపరుకు ఉత్తరం రాయాలన్నా వెనకాముందూ చూసుకోవాల్సిన ఉద్యోగం మాది. ఇప్పుడు ఆ భయం లేదు కాబట్టి, నాయకులందర్నీ ఒకే గాటన కట్టి దొంగలుగా చూపించే మీ పద్ధతి గురించి కొన్నేళ్లుగా మనసులో నలుగుతున్న మాట మీ ముందు పెడుతున్నాను.

నా సర్వీసులో 11 మంది సర్పంచులతో పనిచేశాను. వాళ్లలో ఇద్దరు డబ్బు తిన్నారు. ఒకరి మీద నేనే పైకి రాశాను, ఆ వెంటనే నాకు బదిలీ కూడా అయింది. ముగ్గురు పేరుకే సర్పంచులు, పెత్తనమంతా భర్తలదో అన్నలదో. మిగతా ఆరుగురూ మోటరు కాలిందనో, పైపు పగిలిందనో తెల్లారకముందే మొదలయ్యే ఫోన్లు ఎత్తుతూ, చేతి డబ్బు పెట్టుకుంటూ, ఎవరి దగ్గరా పూర్తిగా మంచి అనిపించుకోలేక ఐదేళ్లు లాక్కొచ్చినవాళ్లు. ఇది నా కళ్ల ముందు నడిచిన లెక్క. రాష్ట్రమంతటికీ ఇదే వర్తిస్తుందని అనను. కానీ మీ తెర మీద, మీ పేజీల్లో నాకు ఎప్పుడూ ఆ మొదటి ఇద్దరే కనిపిస్తారు. మిగతావాళ్లను కూడా ఆ ఇద్దరిలో కలిపేసిన రోజులు నాకు తెలుసు. అలాంటి ఒక రోజు గురించి చెప్తాను.

2019 జనవరి ఎన్నికల్లో మా పంచాయతీ బీసీ మహిళకు రిజర్వ్ అయింది. గెలిచినావిడ పదో తరగతి వరకు చదివింది. పెళ్లయిన దగ్గర్నుంచీ బీడీలు చుడుతూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. భర్త దుబాయ్‌లో కూలి పనికి వెళ్లాడు. మొదటి మూడు నెలలు క్యాష్‌బుక్కు అంటే ఏమిటి, ఎంబీ (పని కొలతల పుస్తకం) అంటే ఏమిటి, చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా ఎందుకు ఉండాలి అని నా దగ్గర కూర్చుని నేర్చుకుంది. ప్రతి ఓచరూ చదివాకే సంతకం పెట్టేది. ఒకరోజు "సార్, బ్లీచింగ్ బస్తాలు నాలుగే దిగినయి, బిల్లుల ఐదున్నయి" అని నన్నే నిలదీసింది. నాకు కోపమొచ్చింది. వెళ్లి లెక్కపెడితే నాలుగే ఉన్నాయి.

అప్పుడు ప్రతి ఊరికీ వైకుంఠధామం, అంటే శ్మశానవాటిక, కట్టాలన్నారు. పని ఎంతవరకు వచ్చిందో ఫొటో పెట్టమని పైనుంచి పొద్దునా సాయంత్రం వాట్సాప్ మెసేజ్‌లు. బిల్లులేమో పని అయ్యి, ఎంబీ రికార్డయ్యాక ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. మా అందరికీ టెన్షనే, కానీ అప్పు తెచ్చేది మాత్రం సర్పంచ్. సర్పంచుకు గౌరవ వేతనం అప్పుడు నెలకు 5 వేలు, 2021లో 6,500 చేశారు. ఆవిడ గొలుసు, గాజులు తాకట్టు పెట్టి సిమెంటు, స్టీలు తెచ్చింది. సెంట్రింగ్ మేస్త్రీకి 20 వేలు అడ్వాన్స్ ఇచ్చింది. అతనికి మధ్యలో వేరే ఊళ్లో పెద్ద పని తగిలి రాలేకపోయాడు. మనిషి మంచివాడే. వారం తర్వాత వచ్చి, కర్రలు దించిన ఖర్చు పోను 18 వేలు వాపసు ఇచ్చాడు. వైకుంఠధామం గోడ పక్కన నిలబడి ఆవిడ ఆ 500 నోట్లు లెక్కపెట్టుకుంది. గోడ అవతలి నుంచి ఎవరో ఫోన్‌లో తీశారు. 22 సెకన్లు. మాటలు వినపడవు.

ఆ సాయంత్రం అది ఒక చానల్లో వచ్చింది. చానల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్క చానల్‌తో తెగే సంగతి కాదు. ఆవిడ చేతుల చుట్టూ ఎర్రగా గుండ్రం గీశారు. నోట్లు లెక్కపెట్టే వేళ్లను స్లో మోషన్‌లో మళ్లీ మళ్లీ తిప్పి చూపించారు. బీడీలు చుట్టి చుట్టి గోళ్లు అరిగిపోయిన వేళ్లు అవి. కింద పెద్ద అక్షరాలతో "శవాల మీద పేలాలు ఏరుకుంటున్న సర్పంచ్" అని వేశారు. వెనక విలన్ వచ్చేటప్పుడు వేసే మ్యూజిక్. మా పంచాయతీ ఆఫీసు ఆ గోడకు 200 గజాల దూరం. ఆవిడ నంబరు, నా నంబరు ఆఫీసు గోడ మీద పెయింటుతో రాసి ఉంటాయి. మా ఇద్దరిలో ఒక్కరికీ ఫోన్ రాలేదు.

రాత్రి తొమ్మిదింటికి ఆవిడ నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "సార్, మేస్త్రీకి పైసలిచ్చిననాడు కాయితం రాయించుకున్న. అది చూపిస్తే సరిపోతది గదా?" అని అడిగింది. సరిపోతుందమ్మా అన్నాను. నేను కూడా అలాగే అనుకున్నాను.

విచారణ జరిగింది. డివిజనల్ పంచాయతీ అధికారి (డీఎల్‌పీవో) గారు వచ్చి ఎంబీ, క్యాష్‌బుక్కు, ఓచర్లు, ఆవిడ నోటుపుస్తకం, తాకట్టు రసీదు అన్నీ చూశారు. మేస్త్రీని పిలిపించి వాంగ్మూలం తీసుకున్నారు. రెండు నెలలకు 3 పేజీల నివేదిక వచ్చింది. పంచాయతీ నిధుల్లో రూపాయి తేడా లేదని, వీడియోలో ఉన్నది ఆవిడ సొంత డబ్బని అందులో స్పష్టంగా ఉంది. ఆ నకలు, ఒక ఖండన ఉత్తరం పట్టుకుని మండల కేంద్రంలో విలేకరి దగ్గరికి నేనే వెళ్లాను.

అతనేమీ దుర్మార్గుడు కాదు. తలొంచుకుని "సార్, క్లిప్ పంపింది నేనే, కానీ రాసింది ఆడున్నోళ్లు. తీసేయించుడు నా చేతుల లేదు" అన్నాడు. చాయ్ తాగుతూ ఇంకో సంగతి కూడా చెప్పాడు. అతనికి జీతం లేదు. ఆగస్టు 15కు, దసరాకు, సంక్రాంతికి నాయకుల దగ్గర శుభాకాంక్షల ప్రకటనలు తెస్తే వచ్చే కమీషనే అతని బతుకు. ఆ ఏడు ఆగస్టు 15 ప్రకటన అడిగితే మా సర్పంచ్ డబ్బుల్లేవని చెప్పింది. దానికీ ఆ వార్తకూ సంబంధం ఉందని అతను అనలేదు, నేనూ అనను. కానీ జీతమివ్వకుండా ఒక మనిషి చేతికి మీ లోగో ఉన్న మైకు ఇచ్చి, ఎవరి గురించి వార్త రాయాలో వాళ్ల దగ్గరే ప్రకటన తెమ్మని పంపిస్తే, అతను పంపే క్లిప్పులో నిజమెంత, కోపమెంత, బాకీ ఎంత అని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డెస్కు మీదున్నవాళ్లు ఎలా తేల్చుకుంటారు? ఈ ఒక్క ప్రశ్నకైనా మీలో ఎవరో ఒకరు జవాబు చెప్పాలని కోరుతున్నాను.

ఆ 22 సెకన్లు ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉన్నాయి. ఊరి పేరు కొడితే మొదట వచ్చేది అదే.

"ఒక్క సర్పంచ్ విషయంలో పొరపాటు జరిగితే మొత్తం మీడియాను అంటారా" అని మీరు అడగొచ్చు. నా బాధ అంతకంటే పెద్దది. రోజూ పొద్దున్నే మా బస్టాండు హోటల్లో బల్ల మీద రెండు పేపర్లు పడతాయి. ఏ పేపరు ఏ పార్టీదో, ఏ చానల్ ఎవరిదో మేకలు కాసుకునే పిల్లవాడికి కూడా తెలుసు. ఒక పేపర్లో అధికార పక్షం దొంగ, ప్రతిపక్షం దేవుడు. రెండో దాంట్లో అచ్చంగా తిరగేసి ఉంటుంది. మీ దృష్టిలో మీరు మీ మనిషిని కాపాడుకుంటున్నారు, అవతలి మనిషిని దెబ్బతీస్తున్నారు. కానీ బల్ల దగ్గర కూర్చున్న మనిషి రెండూ చదువుతాడు. ఒకరోజు మా ఊరి పెద్దమనిషి ఒకాయన రెండు పేపర్లూ మడిచి పక్కన పెడుతూ "ఇద్దరి గురించి ఇద్దరూ నిజమే రాసిండ్రు" అన్నాడు. రెండు పేపర్లలోని పొగడ్తను ఆయన నమ్మలేదు. రెండింటిలోని తిట్టును మాత్రం నమ్మాడు. తెలుగునాట రాజకీయ నాయకుడంటే దొంగ అనే మాట ఇంత గట్టిగా నాటుకోవడానికి ఇదే ముఖ్య కారణమని నా నమ్మకం. మీరు రెండు వైపులా ఉండి సగం సగం తిట్టారు. చదివేవాడి దగ్గర ఆ రెండు సగాలూ కలిసి ఒక నిండు తిట్టు అయ్యాయి.

మా జిల్లా మనిషి పీవీ నరసింహారావు గారి సంగతే చూడండి. వంగర ఆయన ఊరు, మంథని నుంచి 1957 మొదలు 20 ఏళ్లు ఎమ్మెల్యే. ప్రధానిగా దిగిపోయాక ఆయన మీద మూడు కేసులు నడిచాయి. నకిలీ పత్రాల ఆరోపణతో వచ్చిన సెయింట్ కిట్స్ కేసు నిలబడలేదు. జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీల ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు శిక్ష వేస్తే, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. లఖూభాయ్ పాఠక్ అనే వ్యాపారిని మోసం చేశారన్న కేసులో 2003 డిసెంబరులో నిర్దోషిగా తేలారు. సరిగ్గా ఏడాదికి, 2004 డిసెంబరు 23న చనిపోయారు. 2024లో భారతరత్న ఇచ్చారు. ఆయన చేసినవన్నీ ఒప్పేనని నేను అనడం లేదు. 1992 డిసెంబరులో అయోధ్యలో జరిగినదానికి ప్రధానిగా ఆయన జవాబుదారీ అని నమ్మేవాళ్లున్నారు, ఆ చర్చ జరగాల్సిందే. నేను అడిగేది ఒక్కటే. ఆయనకు శిక్ష పడిందన్న వార్త మా ఊళ్లో చదువు రానివాళ్లకు కూడా తెలిసింది. హైకోర్టు కొట్టేసిందన్న సంగతి పీవీ అంటే ప్రాణమిచ్చే మా చుట్టుపక్కల ఊళ్లలోనే సగం మందికి తెలియదు. నేను పంచాయతీ ఆఫీసులో కూర్చుని చాలామందికి చెప్పాను. "అవునా సార్?" అనేవాళ్లు. దేశ ప్రధానిగా చేసిన మనిషికే ఇలా అయితే, బీడీలు చుట్టుకునే సర్పంచ్ 3 పేజీల నివేదికను ఎవరు చదువుతారు?

2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల కేసు కూడా అంతే. 1 లక్షా 76 వేల కోట్ల నష్టం అన్న అంకె చిన్నపిల్లల నోట కూడా వచ్చింది. 2017 డిసెంబరు 21న ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ వదిలేసింది. దాని మీద అప్పీలు హైకోర్టులో ఉంది, అక్కడ ఏం తేలుతుందో తేలనీయండి. కానీ ఇవాళ ఎవర్నైనా అడగండి, ఆ అంకె గుర్తుంటుంది, ఆ తీర్పు గుర్తుండదు.

నేను నాయకుల తరఫున వకాల్తా తీసుకోలేదు. 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో తామే రాశారని అభ్యర్థుల అఫిడవిట్లు పరిశీలించే ఏడీఆర్ సంస్థ లెక్క తీసింది. అందులో 170 మందివి తీవ్రమైన కేసులు. సిగ్గుపడాల్సిన సంగతే. అయితే ఆ 251ని మీరు ఎలా చూపించారు? "పార్లమెంటులో సగం మంది నేరగాళ్లు" అని. తెలంగాణ ఉద్యమంలో రైలు పట్టాల మీద కూర్చున్నవాడి మీదా కేసు ఉంటుంది, మనిషిని కిడ్నాప్ చేసినవాడి మీదా కేసు ఉంటుంది. ఆ రెండింటినీ ఒక్క అంకెలో వేసి చూపించేసరికి ఎవరికి మేలు జరిగింది? కిడ్నాప్ చేసినవాడికే. రైలురోకో చేసినవాడి పక్కన దర్జాగా నిలబడి "అందరి మీదా ఉన్నయి కేసులు" అంటున్నాడు. కేసులున్నవాళ్లకు టికెట్టు ఎందుకిచ్చారో పార్టీలు కారణం రాసి ప్రచురించాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కారణాలను అభ్యర్థి వారీగా, కేసు వారీగా విడదీసి జనానికి అర్థమయ్యేలా చెప్పడం కంటే గొప్ప జర్నలిజం ఎన్నికలప్పుడు ఏముంటుంది? ఆ పని చేయండి, మీ కాళ్లకు దండం పెడతాను. నాయకుల్ని వదిలేయమని నేను అడగడం లేదు. ఏ నాయకుడు ఏం చేశాడో ఆ నాయకుడి పేరు మీదే రాయమంటున్నాను.

అందర్నీ కలిపి తిడితే ఏమవుతుందో మా జిల్లాలోనే చూశాను. 2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉపఎన్నిక వచ్చింది. ఓటుకు డబ్బు పంచారన్న వార్త కొత్తది కాదు. తమకు కవరు అందలేదని జనం రోడ్డెక్కి ధర్నా చేయడం కొత్తది. మీరే చూపించారు. నేను మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ఒక పెద్దమ్మను "తప్పు కదా పెద్దమ్మా" అని అడిగాను. "ఎవడొచ్చినా తినేటోడే కొడుకా, మన పైసలు మనకు ఒక్కసారన్న రానీ" అంది. ఆవిడ జీవితంలో ఎవరి రూపాయీ ఎగ్గొట్టని మనిషి. అందరూ దొంగలే అని తేలిపోయాక, ఓటు అమ్ముకోవడం ఆవిడకు తప్పుగా అనిపించలేదు, తన వాటా తాను తీసుకోవడంగా అనిపించింది. ఆ మాట ఆవిడ నోటికి ఎక్కడినుంచి వచ్చింది? ఆవిడకు తెలిసిన నాయకులు ఇద్దరో ముగ్గురో. మిగతా వాళ్లందర్నీ ఆవిడకు పరిచయం చేసింది మీరే.

పట్నంలో ఇదే నిరాశ ఇంకో రకంగా ఉంటుంది. 2020 డిసెంబరులో జీహెచ్ఎంసీ ఎన్నికల్లో ఓటేసినవాళ్లు 46.55 శాతం. హైదరాబాద్‌లో ఉండే మా అల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, పొద్దున లేస్తే రాజకీయాల మీద వీడియోలు చూస్తాడు, ఏ నాయకుడు ఏ స్టేజీ మీద తడబడ్డాడో అన్నీ తెలుసు. తన వార్డు కార్పొరేటర్ పేరు తెలియదు. ఆ రోజు ఓటేయలేదు. "వేసి ఏం లాభం మామయ్యా, అందరూ ఒకటే" అన్నాడు. ఊళ్లో పెద్దమ్మ, పట్నంలో అల్లుడు, ఇద్దరూ అన్నది ఒకే మాట.

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల గురించి కూడా చెప్పాలి. 2024 జనవరి చివరతో పాత సర్పంచుల పదవీకాలం అయిపోతే దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులతోనే నడిచింది. మాజీ సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు, ధర్నాలు చేశారు, అరెస్టయ్యారు. ఆ వార్తలు లోపలి పేజీల్లో వచ్చాయి. ఎన్నికలు రాగానే ఊళ్లో పదిమంది ఆ బీడీల సర్పంచ్ ఇంటికి వెళ్లి, ఈసారి మళ్లీ నిలబడమని అడిగారు. నేనూ వెళ్లాను. ఆవిడ ఏమీ అనకుండా కూతురి వైపు చూసింది. ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది. "వద్దు అంకుల్. కాలేజీలో అందరూ ఆ వీడియో చూపించి అడిగిండ్రు. మా అమ్మ పేరు కొట్టినా అదే వస్తది, ఊరి పేరు కొట్టినా అదే వస్తది. ఇంకోసారి అయితే నేను చదువు మానేస్త" అంది. మేం లేచి వచ్చేశాం. ఈ మధ్య సర్పంచ్ పదవికి వేలం పాట పెట్టి, ఎక్కువ పాడినవాడిని ఏకగ్రీవం చేసిన ఊళ్ల వార్తలు మీరే వేశారు. సిగ్గుచేటని రాశారు కూడా. నిజమే. కానీ పరువు కోసం బతికేవాళ్లు ఇంట్లోనే ఉండిపోతే, మిగిలేది పాట పాడగలిగినవాళ్లే కదా.

ఆడవాళ్లకు జరిగేది ఇంకా ఘోరం. 2024లో ఒక మహిళా మంత్రికి ఒక కార్యక్రమంలో వేరే పార్టీ ఎంపీ నూలు దండ వేసి గౌరవించాడు. ఆ ఫొటో పట్టుకుని సోషల్ మీడియాలో పెట్టిన రాతలు చదవలేం. ఆవిడ మైకుల ముందు ఏడ్చింది. ఆ ఏడుపు కూడా మీలో కొందరికి థంబ్‌నెయిల్ అయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ మంత్రే ఇంకో మహిళ గురించి అనకూడని మాట అని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అది తప్పే, గట్టిగా అడగాల్సిందే, అడిగారు. కానీ ఆ మొదటి రోజు ఆవిడ పక్కన ఎవరు నిలబడ్డారు? స్థానిక సంస్థల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ సగం సీట్లు ఆడవాళ్లవే. ఆ రాతలు చూసిన ఏ తండ్రి తన కూతుర్ని వార్డు మెంబరుగా నిలబెడతాడు?

నాయకుల వైపు తప్పు కూడా చెప్పకపోతే ఈ లేఖ అబద్ధమవుతుంది. నచ్చని వార్త వస్తే చానల్ ఆఫీసు మీదికి మనుషుల్ని పంపడం, విలేకరిని అరెస్టు చేయించడం, ప్రకటనలు ఆపేయడం మన రెండు రాష్ట్రాల్లోనూ జరుగుతున్నాయి. చానల్ ఆఫీసు అద్దాలు పగలగొట్టిన ప్రతిసారీ "వీళ్లు ఇంతే" అనే మాటకు నాయకులే సాక్ష్యం ఇచ్చినట్టు. అది ఖండించకుండా మీ తప్పులు మాత్రమే ఎంచే హక్కు నాకు లేదు.

మీరు ఎలా రాయగలరో నాకు తెలుసు. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. పత్రికలు ఊరూరా తిరిగి ఆ ఆడవాళ్ల మాటలు రోజూ అచ్చేశాయి. వేలం పాటల్లో ఎవరెవరు ఉన్నారో, ఏ నాయకుడి మనుషులు ఏ దుకాణం నడుపుతున్నారో రాశాయి. ఎవర్నీ వదల్లేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్ అయింది. అప్పుడు పేపరు చదివిన ఏ ఆడమనిషీ "అందరూ దొంగలే, ఏం చేసినా ఇంతే" అనుకోలేదు. గట్టిగా పట్టుబడితే ప్రభుత్వం దిగొస్తుందని నేర్చుకుంది. ఆ రాతల్లో నాయకుల మీద ఇప్పటికంటే ఎక్కువ నిప్పులే ఉన్నాయి. కానీ ఫలానా ఊరు, ఫలానా దుకాణం, ఫలానా మనిషి అని చెప్పి రాశారు. నేను ఆ పేపర్లు కత్తిరించి పెట్టుకున్నాను, ఇంకా ఉన్నాయి.

మంచివాళ్లను పొగడమని కూడా అడగడం లేదు. ఇల్లెందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి, సైకిల్ మీద, ఆర్టీసీ బస్సులో తిరిగిన గుమ్మడి నర్సయ్య గారిని మీరు ఎప్పుడు గుర్తు చేసుకుంటారు? "ఇలాంటి ఎమ్మెల్యే కూడా ఉంటాడా" అని ఆశ్చర్యపోవడానికి. ఆయన్ని వింతగా చూపిస్తే, మిగతావాళ్లు అలా ఉండక్కర్లేదని చెప్పినట్టే. పోడు భూముల మీద, గిరిజనుల మీద ఆయన అసెంబ్లీలో ఏం అడిగాడో, దానికి ఏ జవాబు వచ్చిందో ఒక్కరోజు చెప్పండి. సైకిల్ కంటే అది పెద్ద వార్త. ఇప్పటి సభల్లో కూడా ప్రశ్నలు అడిగేవాళ్లున్నారు, పద్దుల మీద చదువుకుని వచ్చి మాట్లాడేవాళ్లున్నారు. మా వరకు చేరేది మైకు విసిరిన ఐదు సెకన్లే.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. ఒక మనిషిని దొంగ అని చూపించే ముందు ఆ మనిషికి ఒక ఫోన్ చేయండి, ఆ జవాబు కూడా అదే వార్తలో వేయండి. ఆరోపణ తప్పని తేలితే, ఆరోపణ వేసిన టైములోనే, అంతే సేపు, అంత పెద్ద అక్షరాలతోనే ఆ సంగతి కూడా వేయండి. లోపలి పేజీలో వేలెడంత సవరణ వేస్తే అది మా ఊరు చేరదు. తప్పని తేలిన వీడియో మీద కనీసం ఆ మాట రాసి పెట్టండి, లేదా తీసేయండి. ప్రెస్ కౌన్సిల్‌కు శిక్షించే అధికారం లేదు, టీవీలు దాని పరిధిలోనే లేవు. చానళ్ల మీద ఫిర్యాదు చేయడానికి ఒక పద్ధతి ఉంది, కానీ అది తెలిసిన సర్పంచ్ నాకు ఒక్కరు కూడా తగల్లేదు. ఫిర్యాదు ఎవరికి పంపాలో వారానికి ఒకసారి మీ తెర మీదే తెలుగులో వేస్తే మీకు పోయేదేమీ లేదు.

అన్నిటికంటే ముందు మండల విలేకరికి జీతం ఇవ్వండి. ప్రెస్ కౌన్సిల్ పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వేసే వార్తలు) మీద 2010లో ఒక నివేదిక రాయించింది. రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి గారు. ఆ 71 పేజీల నివేదికను మొదట పూర్తిగా బయటపెట్టలేదు, క్లుప్తంగా కుదించి సరిపెట్టారు. పూర్తి నివేదిక జనానికి అందేసరికి మరుసటి ఏడాది అయింది. మీ గురించి మీవాళ్లు రాసిన నిజాన్నే బయటికి తేవడానికి అంత కష్టమైతే, వేరేవాళ్ల గురించిన నిజం 22 సెకన్లలో తేల్చేయడం ఎలా న్యాయం?

మా సర్పంచ్‌గా పనిచేసినావిడ ఇప్పుడు మళ్లీ బీడీలు చుడుతోంది. తాకట్టులో ఉన్న గొలుసు విడిపించుకుంది, గాజులు ఇంకా అక్కడే ఉన్నాయి. విచారణ నివేదిక నకలు నా బీరువాలో ఉంది. 3 పేజీలే, ఐదు నిమిషాల్లో చదివేయొచ్చు. ఆ వీడియో వేసిన చానల్ వాళ్లు ఈ లేఖ చదివితే తమను గుర్తుపడతారు. ఏ ఊరో చెప్పక్కర్లేదు, వాళ్లకు తెలుసు. వాళ్లు ఎప్పుడు అడిగినా ఆ నకలు పట్టుకుని నేనే వస్తాను. ఆ పిల్లకు చివరి ఏడాది పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఈలోగా వస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి,
ఉమ్మడి కరీంనగర్ జిల్లా